డీబగ్గర్ కనెక్ట్ కాకపోతే ముందు చూడాల్సింది కరెంటు దారి

మైక్రోకంట్రోలర్ బోర్డుకు డీబగ్గర్ (చిప్‌లోకి ప్రోగ్రామ్ ఎక్కించి, తప్పులు వెతకడానికి వాడే పరికరం) తగిలించి, సాఫ్ట్‌వేర్‌లో కనెక్ట్ నొక్కగానే టార్గెట్, అంటే ఆ బోర్డు మీది చిప్, దొరకలేదని మెసేజ్ వస్తే, చాలామంది చెయ్యి మొదట డ్రైవర్ల మీదికే పోతుంది. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు, ప్రోగ్రామ్ రాసే ఐడీఈ వెర్షన్ మారుస్తారు, కేబుల్ ఇంకో పోర్టులో గుచ్చుతారు. అలా గంట గడిచాక మల్టీమీటర్ బయటికొస్తుంది. చిప్ కాలి దగ్గర 3.3 వోల్టులు ఉండాల్సిన చోట 2.6 కనిపిస్తుంది. ఈ వరస తిరగబడాలి. ముందు మీటరు, తర్వాతే మౌసు. మైక్రోకంట్రోలర్ బోర్డుల దగ్గర కనెక్షన్ గొడవలుగా కనిపించేవాటిలో చాలావరకు నిజానికి పవర్ గొడవలే. అవి సాఫ్ట్‌వేర్ ఎర్రర్ వేషంలో వస్తాయి కాబట్టే అంత త్వరగా దొరకవు.

బోర్డును పోషిస్తున్నది ఎవరు?

డెవలప్‌మెంట్ బోర్డును బల్ల మీద పెట్టి లెక్కబెడితే దానికి కరెంటు వచ్చే దారులు అయిదారు తేలతాయి. యూఎస్‌బీ పోర్టు, హెడర్ (బోర్డు మీది పిన్‌ల వరస) మీది 5 వోల్టుల పిన్, 7 నుంచి 12 వోల్టులు తీసుకునే వీఐఎన్ పిన్, నేరుగా 3.3 వోల్టుల పిన్, కొన్ని డీబగ్గర్లు ఇచ్చే సప్లై పిన్, యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ మీది వీసీసీ, అంటే సప్లై పిన్. వీటిలో ఏ సమయంలోనైనా ఒక్కటే పనిచేయాలి. గ్రౌండ్ మాత్రం అందరికీ ఉమ్మడి. ఇంత చిన్న నియమం తప్పడానికి కారణం, వైర్లన్నీ ఒకేసారి బల్ల మీదికి రాకపోవడం. పని యూఎస్‌బీతో మొదలవుతుంది. కాసేపటికి లాగ్ చూడాలని సీరియల్ అడాప్టర్ తెచ్చి, దాని నాలుగు వైర్లూ అలవాటుగా గుచ్చేస్తారు. మోటారో రిలేనో నడపాల్సి వచ్చినప్పుడు బయటి సప్లై కలుస్తుంది. అప్పటికి బోర్డును ముగ్గురు పోషిస్తుంటారు, ముగ్గురి వోల్టేజీలూ కొద్దిగా వేరు.

5.1 వోల్టులున్న సప్లైని, 4.8 ఉన్న ల్యాప్‌టాప్ పోర్టును నేరుగా కలిపితే ఎక్కువున్నది తక్కువున్నదానిలోకి కరెంటు తోస్తుంది. మధ్యలో అడ్డుగా, కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఉంటే బతికిపోతాం, లేకపోతే పోర్టు దెబ్బతినొచ్చు. రాస్ప్‌బెర్రీ పై పికోలో యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు ఒక షాట్కీ డయోడ్ దాటి వీసిస్ (VSYS) పిన్‌కు చేరతాయి. వీసిస్ 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా తట్టుకుంటుంది. కాబట్టి బయటి సప్లైని కూడా మరో షాట్కీ డయోడ్ ద్వారా వీసిస్‌కే ఇస్తే, యూఎస్‌బీ తగిలించి ఉన్నా రెండూ పోట్లాడుకోవు. అదే సప్లైని వీబస్ పిన్‌కు ఇస్తే ఆ రక్షణ ఉండదు, అది నేరుగా కేబుల్ వైపు తెరుచుకున్న దారి.

ఎఫ్401, ఎఫ్446 లాంటి తొలి తరం ఎస్‌టీఎం32 న్యూక్లియో-64 బోర్డుల్లో ఈ ఎంపిక జేపీ5 అనే జంపర్ (పక్క పక్క పిన్‌లను కలిపే చిన్న టోపీ) చేతిలో ఉంటుంది. ఒక పక్క పెడితే యూఎస్‌బీ నుంచి, రెండో పక్క పెడితే వీఐఎన్ లేదా ఈ5వీ (బయటి 5 వోల్టుల పిన్) నుంచి. బయటి సప్లై వాడేటప్పుడు వరస ముఖ్యం. జేపీ5ని ఈ5వీ వైపు మార్చాలి, జేపీ1 జంపర్ తీసి ఉందో లేదో చూడాలి, బయటి సప్లై కలిపి ఆన్ చేయాలి, ఎల్‌డీ3 లైటు వెలిగిందని నిర్ధారించుకోవాలి, ఆ తర్వాతే యూఎస్‌బీ కేబుల్ గుచ్చాలి. వరస తప్పి యూఎస్‌బీ ముందు పడితే, కంప్యూటర్ ఇవ్వలేనంత కరెంటును బోర్డు అడిగే ప్రమాదం ఉంది. అప్పుడు కంప్యూటర్ ఆ పరికరాన్నే గుర్తించకపోవచ్చు. బయటికి అది అచ్చం డ్రైవర్ సమస్యలాగే కనిపిస్తుంది. వీఐఎన్‌కు 7 వోల్టులిస్తే 800 మిల్లీఆంపియర్ల దాకా తీసుకోవచ్చు. 9 నుంచి 12 మధ్య ఇస్తే 250కే పరిమితం. వోల్టేజ్ పెంచితే కరెంటు హద్దు తగ్గడానికి కారణం వేడి.

ఇదే బోర్డుకు 3.3 వోల్టులు నేరుగా హెడర్ పిన్ మీద ఇస్తే చిప్ నడుస్తుంది కానీ, పై భాగంలో ఉన్న ఎస్‌టీ-లింక్ అనే డీబగ్గర్‌కు పవర్ అందదు. ప్రోగ్రామింగూ డీబగ్గింగూ రెండూ పనిచేయవు. ఇక 3.3 పిన్‌కు ఏ బోర్డులోనైనా రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను తగ్గించి నిలకడగా ఉంచే భాగం) రక్షణ ఉండదని గుర్తుంచుకోవాలి. పొరపాటున 5 వోల్టుల వైరు అక్కడ తగిలితే దెబ్బ నేరుగా చిప్‌కే.

వీటీరెఫ్: వోల్టేజ్ చూసే పిన్, ఇచ్చే పిన్ కాదు

డీబగ్ కనెక్టర్‌లో ఒకటో పిన్ పేరు వీటీరెఫ్ లేదా వీడీడీ టార్గెట్. అపార్థానికి ఇంతగా గురయ్యే పిన్ ఇంకోటి లేదు. దాని పని బోర్డు ఎంత వోల్టేజ్ మీద నడుస్తోందో డీబగ్గర్‌కు చూపించడం. డీబగ్గర్ దాన్ని చూసి తన సిగ్నళ్లను 1.8కో 3.3కో 5కో సర్దుకుంటుంది. ఆ పిన్ గుండా బోర్డుకు కరెంటు రాదు. మూడే వైర్లు తగిలించి, ఒకటో పిన్ ఎందుకులే అని వదిలేస్తే, అసలైన జే-లింక్ లాంటి ప్రోబ్ (విడిగా దొరికే డీబగ్గర్) టార్గెట్ వోల్టేజ్ సున్నా అని చెప్పి అక్కడే ఆగిపోతుంది. అది తప్పుగా ప్రవర్తించడం కాదు, చూడాల్సింది కనబడక ఆగడం.

గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, చిన్న పెన్‌డ్రైవ్ ఆకారంలో దొరికే నకలు ఎస్‌టీ-లింక్‌లలో 3.3 అని రాసి ఉన్న పిన్ నిజంగానే కరెంటు ఇస్తుంది. దానితో అలవాటు పడినవాళ్లు అసలు ప్రోబ్‌కు మారినప్పుడు బోర్డు చచ్చిపోయిందనుకుంటారు. అసలు ప్రోబ్‌తో మొదలుపెట్టినవాళ్లు నకలుకు మారినప్పుడు, సొంత సప్లై ఉన్న బోర్డుకు రెండో సప్లై కలిపేస్తారు. ఇంకో మాట. ఈ నకళ్ల రేకు కవరు మీద అచ్చయిన పిన్ వరస, లోపలి బోర్డు మీది వరస ఒకటి కాని సందర్భాలున్నాయి. కవరు జరిపి లోపల రాసినదాన్ని నమ్మడం మేలు.

జే-లింక్ 20 పిన్‌ల కనెక్టర్‌లో పోషణకు వేరే పిన్ ఉంది, 19వది. సాఫ్ట్‌వేర్ ఆదేశంతో ఆన్ చేస్తే అది 5 వోల్టులిస్తుంది, 300 మిల్లీఆంపియర్ల దాకా. ఆ 5 వోల్టులు బోర్డు రెగ్యులేటర్ ముందుకు పోవాలి, 3.3 లైన్ మీదికి కాదు. రాస్ప్‌బెర్రీ పై డీబగ్ ప్రోబ్ అయితే టార్గెట్‌కు పవర్ ఇవ్వనే ఇవ్వదు. దాని మూడు పిన్‌ల కేబుల్‌లో ఉన్నవి క్లాక్, గ్రౌండ్, డేటా మాత్రమే. దాని సిగ్నళ్లు 3.3 వోల్టులవి.

సప్లై తీసేసినా ఆగని బోర్డు

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేసేది ఇది. బోర్డు సప్లై పూర్తిగా తీసేశారు. డీబగ్గర్, సీరియల్ అడాప్టర్ మాత్రం కంప్యూటర్‌కు తగిలించే ఉన్నాయి. చూస్తే పవర్ ఎల్‌ఈడీ మసకగా వెలుగుతూనే ఉంటుంది. కరెంటు ఎటునుంచి వస్తోంది?

సీరియల్ లైన్ ఖాళీగా ఉన్నప్పుడు సున్నా దగ్గర ఉండదు, పై స్థాయిలో ఉంటుంది. అంటే అడాప్టర్ టీఎక్స్ పిన్, అంటే డేటా పంపే పిన్, ఎప్పుడూ 3.3 వోల్టులు పట్టుకునే ఉంటుంది. అది వెళ్లి తగిలే మైక్రోకంట్రోలర్ పిన్ లోపల చాలా చిప్‌లలో ఒక రక్షణ డయోడ్ ఉంటుంది, పిన్ నుంచి సప్లై లైన్ వైపుకు. సప్లై సున్నాకు పడిపోగానే ఆ డయోడ్ తెరుచుకుని, సిగ్నల్ వైరు గుండా వచ్చే కరెంటుతో బోర్డు మొత్తం లైన్‌ను నింపుతుంది. డయోడ్ 0.6 వోల్టులు మింగేస్తే మిగిలేది 2.7. లోడు లాగే కొద్దీ ఇంకా తగ్గుతుంది. 2 వోల్టుల దగ్గర కూడా నడవగల చిప్‌కు అది చాలు, సిగ్నల్ వైరు మీదే బతికేస్తుంది. 5 వోల్టులు తట్టుకునేలా చేసిన పిన్‌ల నిర్మాణం వేరు కాబట్టి అన్ని పిన్‌లూ ఇలా చేయవు. అందుకే ఒకే చిప్‌లో ఒక యూఆర్ట్ (సీరియల్ పోర్టు) వాడినప్పుడు కనిపించే జబ్బు, ఇంకోటి వాడినప్పుడు కనిపించదు.

దీనివల్ల జరిగే అసలు నష్టం ఆ మసక వెలుగు కాదు. సప్లై ఆపి మళ్లీ వేసినా చిప్‌కు పవర్-ఆన్ రీసెట్ (కరెంటు కొత్తగా వచ్చినప్పుడు పడే రీసెట్) పడకపోవడం. ఆ రీసెట్ పడాలంటే సప్లై ఓ హద్దు కిందికి దిగాలి, చాలా ఎస్‌టీఎం32లలో అది 2 వోల్టులకు కొంచెం దిగువన ఉంటుంది. లైన్ 2.5 దగ్గర వేలాడుతుంటే చిప్ దృష్టిలో కరెంటు పోనేలేదు. సెన్సర్ చిప్‌లైతే సగం మెలకువలో ఇరుక్కుని చిప్‌తో మాట్లాడే ఐ2సీ లైన్లను పట్టుకుని వదలవు. ఆపి వేసి చూశాం, అయినా అదే అనే ఫిర్యాదుల్లో, ఆపడం నిజంగా జరిగిందా అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న.

పరీక్ష సులభం. ప్రధాన సప్లై తీసేసి, మిగతావన్నీ అలాగే ఉంచి, 3.3 లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య మీటరు పెట్టాలి. కొన్ని సెకన్లలో 0.3 వోల్టుల లోపుకు దిగితే సరే. ఒకటిన్నరో రెండున్నరో దగ్గర ఆగిపోతే సిగ్నల్ వైర్లు ఒక్కొక్కటీ పీకుతూ పోవాలి, ఏది పీకినప్పుడు పడిపోతుందో అదే దొంగ. మందు కూడా సులభమే. సీరియల్ లైన్లలో 1 కిలోఓమ్ రెసిస్టర్ వరసగా పెడితే చొరబడే కరెంటు రెండు మూడు మిల్లీఆంపియర్లకు మించదు, 115200 బాడ్ వేగానికి దానివల్ల ఇబ్బందీ రాదు. ఆ కొద్ది కరెంటు కూడా చేరకూడదంటే, అడాప్టర్ వైపు బఫర్‌కు టార్గెట్ వోల్టేజ్ నుంచే పవర్ ఇవ్వాలి.

కేబుల్ మింగే వోల్టులు

యూఎస్‌బీ 2.0 పోర్టు పరికరాన్ని గుర్తించేదాకా 100 మిల్లీఆంపియర్లు, గుర్తించాక అడిగితే 500 దాకా ఇస్తుంది. కాగితం మీద ఇది చాలు. బల్ల మీద చాలదు. ఎందుకో ఒక ఉదాహరణ. సన్న కేబుళ్లలో పవర్ వైరు 28 గేజ్ ఉంటుంది, మీటరుకు సుమారు 0.21 ఓమ్. ఒకటిన్నర మీటర్ల కేబుల్‌లో కరెంటు పోయి రావాలి కాబట్టి 3 మీటర్ల వైరు, 0.64 ఓమ్. ఈఎస్‌పీ32 బోర్డు మీద వై-ఫై మొదలై మొత్తం లోడు 400 మిల్లీఆంపియర్లకు చేరిందనుకుంటే, కేబుల్‌లోనే 0.26 వోల్టులు పోతాయి. 5 వోల్టుల్లో మిగిలింది 4.74. బోర్డు మీది షాట్కీ డయోడ్ 0.3 తీసుకుంటే 4.44. చాలా బోర్డుల మీద ఉండే ఏఎంఎస్1117 రెగ్యులేటర్ పూర్తి లోడులో తన కోసం 1.1 నుంచి 1.3 వోల్టుల తేడా కోరుతుంది. కాబట్టి చివరికి అందేది 3.1 నుంచి 3.3 లోపు. సగటు లెక్కలోనే అంచు మీద నడక ఇది. వై-ఫై ఒక్కసారిగా లాగే క్షణంలో ఇంకా పడుతుంది. ఈఎస్‌పీ32లో వోల్టేజ్ మరీ పడిపోతే పసిగట్టే బ్రౌన్-అవుట్ డిటెక్టర్ మామూలుగా 2.43 వోల్టుల దగ్గర మోగి చిప్‌ను రీసెట్ చేస్తుంది. సీరియల్ మానిటర్‌లో బ్రౌన్-అవుట్ డిటెక్టర్ అన్న లైను పదే పదే కనిపిస్తుంటే, కోడ్‌లో ఆ డిటెక్టర్‌ను ఆపేయమన్న సలహాలు దొరుకుతాయి. పొగ గంట మోగుతోందని దాని బ్యాటరీ పీకేయడం లాంటిది అది. పొట్టిగా, లావుగా ఉన్న కేబుల్ వాడాలి, మాడ్యూల్ పక్కనే 3.3 లైన్ మీద 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెట్టాలి, సొంత అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోవాలి. సప్లై కనీసం 500 మిల్లీఆంపియర్లు ఇవ్వగలగాలి.

డేటా వైర్లే లేని ఛార్జింగ్ కేబుల్ సంగతి అందరికీ తెలిసిందే, అయినా అందరూ దానికి ఒకసారి బలవుతారు. లైటు వెలిగి, కంప్యూటర్‌లో ఏ పోర్టూ కనబడకపోతే ముందు కేబుల్ మార్చాలి.

లీనియర్ రెగ్యులేటర్‌కు వోల్టేజ్ ఎక్కువిస్తే ఏమవుతుందన్నది కూడా లెక్కే చెబుతుంది. 12 వోల్టులిచ్చి 3.3 దగ్గర 200 మిల్లీఆంపియర్లు తీసుకుంటే, 8.7 వోల్టుల తేడా మొత్తం వేడిగా మారుతుంది, 1.74 వాట్లు. వేలిగోరంత రెగ్యులేటర్ దాన్ని ఎక్కువసేపు మోయలేదు. వేడెక్కి తనంతట తాను ఆగుతుంది, చల్లబడి మళ్లీ మొదలవుతుంది. బోర్డు కొన్ని నిమిషాలు బాగా నడిచి, ఆగి, మళ్లీ నడుస్తుంటే రెగ్యులేటర్ మీద వేలు పెట్టి చూడండి, జాగ్రత్తగా.

కొత్త బోర్డుకు మొదటి పవర్

చేత్తో సోల్డర్ చేసిన బోర్డుకో, ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన ప్రోటోటైప్‌కో మొదటిసారి పవర్ ఇచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ పోర్టు వాడకూడదు. కరెంటు హద్దు పెట్టుకోగల బెంచ్ సప్లై వాడాలి. పవర్ లేకుండానే 3.3 లైన్‌కూ గ్రౌండ్‌కూ మధ్య ఓమ్‌లు చూడాలి. కెపాసిటర్లు నిండే కొద్దీ అంకె పైకి పాకుతూ వందల ఓమ్‌లకో వేలకో చేరాలి. రెండు మూడు ఓమ్‌ల దగ్గరే కదలకుండా ఉంటే షార్ట్. సరిగా ఉంటే సప్లైని 3.3కు సర్ది, కరెంటు హద్దు 50 మిల్లీఆంపియర్లు పెట్టి, అవుట్‌పుట్ ఆపి ఉంచి వైర్లు కలిపి, అప్పుడు ఆన్ చేయాలి. ఒక కార్టెక్స్-ఎం చిప్, ఒకట్రెండు ఎల్‌ఈడీలు ఉన్న బోర్డు సాధారణంగా 10 నుంచి 40 మిల్లీఆంపియర్ల మధ్య తీసుకుంటుంది. సప్లై మీద కరెంటు హద్దు లైటు వెలిగితే ఆపేయాలి. తప్పు ఎక్కడుందో వెతకడానికి బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పలచగా పూసి, తక్కువ కరెంటుతో మళ్లీ ఆన్ చేస్తే, ముందుగా ఎక్కడ ఆరిపోతుందో అక్కడే వేడి పుడుతోంది. తిరగబడిన టాంటలం కెపాసిటర్, 90 డిగ్రీలు తిప్పి పెట్టిన చిప్, కాళ్ల మధ్య సోల్డర్ వంతెన. ఎక్కువగా దొరికే నేరస్తులు ఇవే.

హద్దు మరీ బిగించినా చిక్కే. పెద్ద కెపాసిటర్లున్న బోర్డు మొదటి క్షణంలో ఎక్కువ లాగుతుంది, సప్లై వోల్టేజ్ కుంగుతుంది, చిప్ లేవబోయి పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. రేడియో ఉన్న బోర్డులకు మొదటి పరీక్ష దాటగానే హద్దును 500కు పెంచాలి.

ఎస్‌టీఎం32 చుట్టూ సొంతంగా బోర్డు వేసుకున్నవాళ్లు డీబగ్గర్ తగిలించే ముందు మీటరుతో చూడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ప్రతి వీడీడీ (సప్లై) కాలి మీద 3.3 ఉండాలి, ఒక్కటి కూడా వదలకూడదు. ఏడీసీ (అనలాగ్ వోల్టేజ్‌ను అంకెగా మార్చే భాగం) వాడటం లేదు కదా అని అనలాగ్ సప్లై కాలు వీడీడీఏను వదిలేస్తే చాలా రకాల్లో చిప్ రీసెట్‌లోనే ఉండిపోతుంది. ఎఫ్4 రకంలో కోర్ వోల్టేజ్ ఉండే వీక్యాప్ కాళ్ల మీద 2.2 మైక్రోఫారడ్ల సిరామిక్ కెపాసిటర్లు, వాటి మీద సుమారు 1.2 వోల్టులు కనిపించాలి. ఆ కాలికి 3.3 కలిపితే కోర్ పోయినట్టే. రీసెట్ కాలు ఎన్‌ఆర్‌ఎస్‌టీ దాదాపు 3.3 దగ్గర ఉండాలి, దాని మీద గ్రౌండ్‌కు 100 నానోఫారడ్లు. చిప్ ప్రోగ్రామ్‌లోకి పోవాలో బూట్‌లోడర్‌లోకి పోవాలో చెప్పే బూట్0 కాలు గ్రౌండ్ వైపు, 10 కిలోఓమ్‌లతో. బూట్0 గాల్లో వదిలేసిన బోర్డు ఒకసారి ప్రోగ్రామ్ నడిపి, ఇంకోసారి బూట్‌లోడర్‌లోకి పోతుంది. చెయ్యి దగ్గరికి తెస్తే ప్రవర్తన మారే బోర్డు కనిపిస్తే ఈ కాలినే ముందు అనుమానించాలి.

వైర్లు

ఎస్‌డబ్ల్యూడీ అనే తక్కువ వైర్ల డీబగ్ పద్ధతికి మామూలుగా కనీసం కావాల్సినవి డేటా, క్లాక్, గ్రౌండ్, వీటీరెఫ్. రీసెట్ వైరు అయిదోది. దాన్ని ఐచ్ఛికం అంటారు కానీ, చిప్‌ను నిద్రపుచ్చే ఫర్మ్‌వేర్ (చిప్‌లో నడిచే ప్రోగ్రామ్) రాసేవాళ్లకు అది తప్పనిసరి. ట్రేస్ (నడుస్తుండగానే చిప్ పంపే సమాచారం) కావాలంటే ఎస్‌డబ్ల్యూఓ ఆరోది. న్యూక్లియో మీది సీఎన్4లో వరస ఇది: టార్గెట్ వోల్టేజ్, క్లాక్, గ్రౌండ్, డేటా, రీసెట్, ఎస్‌డబ్ల్యూఓ. దానితో బయటి బోర్డును డీబగ్ చేయాలంటే సీఎన్2 మీది రెండు జంపర్లూ తీసేయాలి. లేకపోతే డీబగ్గర్ న్యూక్లియో సొంత చిప్‌నే పట్టుకుని అంతా బాగుందంటుంది.

1.27 మిల్లీమీటర్ల పది పిన్‌ల కనెక్టర్‌లో బేసి వైపు వీటీరెఫ్, గ్రౌండ్, గ్రౌండ్, ఖాళీ, గ్రౌండ్ డిటెక్ట్. సరి వైపు డేటా, క్లాక్, ఎస్‌డబ్ల్యూఓ, టీడీఐ, రీసెట్. ఏడో పిన్ తీసేసిన హెడర్ అయితే తిరగేసి పెట్టే వీలుండదు. తీయని హెడర్‌లో తిరగేసి పెడితే వీటీరెఫ్ వైరు రీసెట్ పిన్ మీదికి, డేటా వైరు గ్రౌండ్ మీదికి పోతాయి. రీసెట్ పిన్‌కు లోపల పుల్-అప్ ఉంటుంది కాబట్టి డీబగ్గర్‌కు వోల్టేజ్ ఏదో ఒకటి కనిపిస్తూనే ఉండొచ్చు. వోల్టేజ్ ఉంది, చిప్ మాత్రం పలకడం లేదంటే రిబ్బన్ కేబుల్ మీద ఒకటో పిన్‌ను చూపే ఎర్ర గీత ఎటువైపుందో చూడాలి.

జంపర్ వైర్లు 20 సెంటీమీటర్లు దాటితే వేగం తగ్గించుకోవాలి. 4 మెగాహెర్ట్జ్ దగ్గర అప్పుడప్పుడు తెగే కనెక్షన్ 1 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడితే లోపం చిప్‌లో లేదు, వైర్లలో ఉంది. మొదటి కనెక్షన్ 100 కిలోహెర్ట్జ్‌తో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం నయం. క్లాక్ వైరు పక్కనే గ్రౌండ్ వైరు నడవాలి, వీలైతే రెండూ మెలిపెట్టి. సొంత బోర్డులో అయితే క్లాక్ లైన్ మీద డీబగ్గర్ వైపు 22 నుంచి 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అంచుల్లో మోత తగ్గుతుంది.

పవర్ సరే, వైర్లు సరే, అయినా పట్టుకోకపోతే అప్పుడు ఫర్మ్‌వేర్‌ను అనుమానించాలి. ఎస్‌టీఎం32ఎఫ్1లో కోడ్ తయారుచేసే క్యూబ్‌ఎంఎక్స్‌లో డీబగ్ ఎంపిక పెట్టకుండా వదిలేస్తే, తయారైన కోడే డీబగ్ పిన్‌లను మూసేస్తుంది. మొదటిసారి ప్రోగ్రామ్ ఎక్కుతుంది, రెండోసారి ఎక్కదు. రీసెట్ వైరు తగిలించి, రీసెట్‌లో ఉండగానే కనెక్ట్ అయ్యే ఎంపిక వాడితే దారి తెరుచుకుంటుంది. అది కుదరకపోతే బూట్0 పైకి లాగి, రీసెట్ ఇచ్చి, చెరిపేయాలి. రీడ్ ప్రొటెక్షన్ (కోడ్‌ను బయటికి చదవనివ్వని తాళం) 1వ స్థాయిలో ఉంటే దాన్ని తీసినప్పుడు ఫ్లాష్ మొత్తం చెరిగిపోతుంది. 2వ స్థాయి పెట్టేశాక చాలా రకాల్లో డీబగ్గర్ ద్వారా వెనక్కి దారి లేదు.

తొలి ఈఎస్‌పీ32 చిప్‌లో వైరింగ్‌కూ పవర్‌కూ ఒక విచిత్రమైన ముడి ఉంది. జేటాగ్ (ఇంకో డీబగ్ పద్ధతి) పిన్‌లు జీపీఐఓ 12, 13, 14, 15. వీటిలో 12వది, చిప్ లేచే క్షణంలో ఫ్లాష్ మెమరీకి ఇవ్వాల్సిన వోల్టేజ్‌ను నిర్ణయించే పిన్ కూడా. జేటాగ్ అడాప్టర్ ఆ లైన్‌ను పైకి పట్టుకుని ఉండగా బోర్డు లేస్తే, 3.3 వోల్టుల ఫ్లాష్‌కు 1.8 అందుతుంది. బోర్డు బూట్ కాకుండా రీసెట్ల చుట్టూ తిరుగుతుంది. అడాప్టర్ పీకగానే మామూలైపోతుంది కాబట్టి నేరం అడాప్టర్‌దే అనిపిస్తుంది. ఫ్లాష్ వోల్టేజ్‌ను ఈఫ్యూజ్‌లో శాశ్వతంగా 3.3కు రాసేయొచ్చు, కానీ అది వెనక్కి తీసుకోలేని పని. సీ3, ఎస్3 రకాల్లో యూఎస్‌బీ ద్వారానే జేటాగ్ ఉంది, ఈ తంటా లేదు.

ఆగిన చోట ఏం నడుస్తోంది?

బ్రేక్‌పాయింట్ (ప్రోగ్రామ్‌ను డీబగ్గర్ ఆపే చోటు) దగ్గర ఆగేది కోర్ మాత్రమే. టైమర్లు, ప్రోగ్రామ్ ఇరుక్కుంటే రీసెట్ చేసే వాచ్‌డాగ్ తమ దారిన తాము నడుస్తాయి. ఆగిన కొద్దిసేపటికే రీసెట్ పడుతుంటే సప్లైని తిట్టే ముందు, డీబగ్ కంట్రోల్ రిజిస్టర్లలో వాచ్‌డాగ్‌ను ఆపే బిట్ పెట్టారో లేదో చూడాలి. రీసెట్ ఎందుకు పడిందో చిప్ దగ్గరే రాసి ఉంటుంది. ఎస్‌టీఎం32లో ఆర్‌సీసీ సీఎస్‌ఆర్ రిజిస్టర్‌ను ప్రోగ్రామ్ మొదట్లోనే చదివి, దాచుకుని, తుడిచేస్తే పవర్ వల్లనా, పిన్ వల్లనా, వాచ్‌డాగ్ వల్లనా అన్నది తేలిపోతుంది. అనుమానం పవర్ మీదే నిలిస్తే ఆసిలోస్కోప్‌ను 3.3 లైన్ మీద పెట్టి, 3.0 వోల్టుల దగ్గర కిందికి దిగే అంచుకు ట్రిగర్ పెట్టి, ఒక్కసారి పట్టుకునే మోడ్‌లో వదిలేయాలి. మీటరు సగటు చూపిస్తుంది. వంద మైక్రోసెకన్ల గుంట దానికి కనబడదు.

మోటారు నడిపే బోర్డుల్లో విషయం ఇంకా గంభీరం. పీడబ్ల్యూఎం (మోటారును నడిపే, వేగంగా ఆన్-ఆఫ్ అయ్యే సిగ్నల్) మధ్యలో ఆగి, అవుట్‌పుట్ పై స్థాయిలో నిలిచిపోతే, ట్రాన్సిస్టర్ తెరుచుకునే ఉంటుంది, వైండింగ్‌లో కరెంటు పెరిగిపోతుంది. ఆగినప్పుడు ఆ పిన్‌లు ఏ స్థితిలో ఉండాలో ముందే నిర్ణయించి, మోటారు సప్లైకి విడిగా కరెంటు హద్దు పెట్టకుండా అక్కడ బ్రేక్‌పాయింట్ వేయకూడదు. మెయిన్స్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నడిచే సర్క్యూట్ అయితే యూఎస్‌బీ ఐసొలేటర్ (రెండు వైపుల గ్రౌండ్‌లనూ విడదీసే పరికరం) లేకుండా కంప్యూటర్ కలపడమే తప్పు. ఆ బోర్డు గ్రౌండ్ మెయిన్స్ వోల్టేజ్ మీద ఉండొచ్చు, కంప్యూటర్ గ్రౌండ్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఏడీయూఎం4160 లాంటి చిప్‌తో చేసిన ఐసొలేటర్ 12 మెగాబిట్ల వేగం దాకా పనిచేస్తుంది, ఎస్‌టీ-లింక్/వీ2 రకానికి అది సరిపోతుంది. ఐసొలేటర్ ఇచ్చే కరెంటు మాత్రం తక్కువ. 1 వాట్ మాడ్యూల్ ఉన్నదైతే 200 మిల్లీఆంపియర్లే.

నిద్ర కరెంటు కొలిచేటప్పుడు

బ్యాటరీ మీద నడిచే పరికరానికి నిద్రలో 3 మైక్రోఆంపియర్లు రావాల్సిన చోట 900 కనిపిస్తే, కోడ్ తిరగరాసే ముందు కొలత సంగతి చూడాలి. డెవలప్‌మెంట్ బోర్డు మీద యూఎస్‌బీ దగ్గర కొలవడం అర్థం లేని పని. ఏఎంఎస్1117 ఒక్కటే ఖాళీగా ఉండి సుమారు 5 మిల్లీఆంపియర్లు తింటుంది, పవర్ ఎల్‌ఈడీ ఇంకొంత. న్యూక్లియోలో చిప్ కరెంటు మాత్రమే కొలవడానికి జేపీ6 అనే జంపర్ ఉంది. దాన్ని తీసి, ఆ రెండు పిన్‌ల మధ్య మీటరు పెట్టాలి.

ఇక్కడే రెండో ఉచ్చు. మైక్రోఆంపియర్ రేంజ్‌లో చాలా మీటర్ల లోపలి రెసిస్టర్ 100 ఓమ్‌ల దగ్గర ఉంటుంది. నిద్రలో 3 మైక్రోఆంపియర్లకు అది 0.3 మిల్లీవోల్టులే తింటుంది, లెక్కలోకి రాదు. కానీ చిప్ మేల్కొని 20 మిల్లీఆంపియర్లు లాగగానే అదే రెసిస్టర్ 2 వోల్టులు తింటుంది. చిప్‌కు మిగిలేది 1.3. పడిపోతుంది. మేల్కొన్న ప్రతిసారీ రీసెట్ అవుతున్న బోర్డును పక్కన పెట్టి ఫర్మ్‌వేర్‌లో తప్పు వెతకడం మొదలవుతుంది. మిల్లీఆంపియర్ రేంజ్‌లో మొదలుపెట్టి, నిద్రలోకి వెళ్లాక రేంజ్ మార్చాలి. మారే క్షణంలో సర్క్యూట్ తెగకుండా మీటరుకు సమాంతరంగా ఒక స్విచ్ మూసి ఉంచి, తర్వాత తెరవాలి. నిద్రా మెలకువా రెండూ కలిపి చూడాలంటే నార్డిక్ పీపీకే2 లాంటి సాధనం మేలు, అది తానే 0.8 నుంచి 5 వోల్టులు ఇస్తూ 1 ఆంపియర్ దాకా కొలుస్తుంది.

మూడోది డీబగ్గరే. నిద్రలో కూడా డీబగ్గర్ తెగిపోకుండా ఉండేందుకు స్టాప్, స్టాండ్‌బై మోడ్‌లలో క్లాక్ నడిచేలా డీబీజీఎంసీయూ అనే డీబగ్ కంట్రోల్ రిజిస్టర్‌లో బిట్లు పెడతారు. కొన్ని ఐడీఈలు అడగకుండానే పెడతాయి. ఆ బిట్లు మామూలు రీసెట్‌కు చెరగవు, పవర్-ఆన్ రీసెట్‌కే చెరుగుతాయి. అంటే డీబగ్ సెషన్ ముగించి, రీసెట్ బటన్ నొక్కి కొలిస్తే, క్లాక్ నడుస్తున్న నిద్రను కొలుస్తున్నట్టు. పైగా డీబగ్గర్ వైర్లు తగిలే ఉంటే క్లాక్ పిన్ లోపలి 40 కిలోఓమ్‌ల పుల్-డౌన్ మీదికి డీబగ్గర్ 3.3 వోల్టులు పట్టుకుని ఉండొచ్చు, అక్కడే 80 మైక్రోఆంపియర్లు పారతాయి. 3 మైక్రోఆంపియర్ల కొలత పక్కన అది ఏనుగు.

కాబట్టి కొలిచే వరస ఇది. ప్రోగ్రామ్ ఎక్కించి, డీబగ్ సెషన్ మూసి, డీబగ్గర్ వైర్లు గ్రౌండ్‌తో సహా అన్నీ పీకి, సీరియల్ అడాప్టర్ పీకి, సప్లై తీసేసి, 3.3 లైన్ 0.3 వోల్టుల కిందికి దిగిందని మీటరుతో చూసి, మళ్లీ సప్లై ఇచ్చి కొలవాలి. న్యూక్లియోలో ఎస్‌టీ-లింక్ బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి సీఎన్2 జంపర్లు రెండూ తీయాలి. యూఆర్ట్, రీసెట్ లైన్లు కూడా సోల్డర్ వంతెనల ద్వారా ఎస్‌టీ-లింక్‌కు కలిసి ఉంటాయి. జంపర్లు తీసినా పదుల మైక్రోఆంపియర్లు మిగిలితే తర్వాత చూడాల్సింది ఆ వంతెనలనే.